బాగుందంటే ఒప్పుకోని బాబాయి

మొన్న ఆదివారం మా బడిలో పనిచేసే టీచరుగారి కొడుకు నిశ్చితార్థానికి నరసరావుపేట వెళ్లాను. కడుపునిండా తిని, అక్షింతలు వేసి, గురజాల బస్సెక్కాను. బస్సు ఊరు దాటిందో లేదో చేతిలో ఫోన్ మోగింది. వేడుక జరిగిన హాలు వాళ్లు పంపిన సందేశం. మా ఆతిథ్యం మీకు ఎలా అనిపించింది, ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు అని అడుగుతున్నారు. కింద ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా వరసగా బొమ్మలు. గేటు దగ్గర పన్నీరు చల్లిన అమ్మాయి నా నంబరు ఎందుకు తీసుకుందో అప్పుడర్థమైంది. నవ్వు మొహం మీద వేలు పెట్టబోయి ఆగి, పైకే నవ్వేశాను. పక్క సీట్లో కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావిడ నా వంక అదోలా చూసింది.

ఆవిడకు చెప్పాలనిపించింది, ఈ పనిని మా వీధిలో ఒక మనిషి, ఎవరూ అడక్కుండానే, చెప్పులరిగేలా తిరిగి చేసేవాడని. ఆయనే గనక ఆ బొమ్మలు చూసి ఉంటే, ఏ మొహం నొక్కాలో తర్వాత చూద్దాంలే, ముందు నువ్వు యాడ కూర్చున్నావో చెప్పు అని మొదలెట్టేవాడు.

ఆయన మాకు చుట్టం కాదు. నరసరావుపేటలో కోర్టుల వెనక వీధిలో మాకు ఎదురిల్లు. మా నాన్నను అన్నయ్యా అని పిలిచేవాడు కాబట్టి మాకు బాబాయి అయ్యాడు, ఆయన భార్య పిన్ని అయింది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా పనిచేశాడు. పల్లెల నుంచి వచ్చిన సాక్షుల్ని కూర్చోబెట్టి, టీ తాగించి, వాళ్ల భయం పోగొట్టి, వాయిదా నాడు బోను దాకా తీసుకెళ్లడం ఆయన పని. ఆ పని మానేశాక మనిషిని మాట్లాడించే అలవాటు మాత్రం పోలేదు. దాన్ని పెళ్లిళ్ల మీదికి, గృహప్రవేశాల మీదికి, పుట్టినరోజుల మీదికి మళ్లించాడు. రెండేళ్ల కిందట చలికాలంలో ఒక మధ్యాహ్నం భోంచేసి, కునుకు తీస్తూ తీస్తూ అలాగే వెళ్లిపోయాడు.

మనిషి పొడుగు. మెడ కొంచెం ముందుకు వంగి ఉండేది, ఎదుటివాళ్ల మాట నోట్లోంచి రాకముందే అందుకుందామన్నట్టు. ఇస్త్రీ చొక్కా లేకుండా గుమ్మం దిగేవాడు కాదు. ప్రశ్న అడిగేటప్పుడు కళ్లజోడు పెట్టుకునేవాడు, జవాబు వినేటప్పుడు తీసి చేతిలో పట్టుకునేవాడు. చిన్నప్పుడు మేము అక్కాచెల్లెళ్లం ఇద్దరం నాన్న కళ్లజోడు తీసుకుని ఆ ఆటే ఆడుకునేవాళ్లం. ఎందుకలా తీస్తావు బాబాయ్ అని ఒకసారి అడిగితే, చెప్పేవాళ్లకి నా కళ్లు కనపడాలి గదా అన్నాడు.

ఫంక్షన్ జరిగే రోజున ఆయన ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. ఊరికే తిరిగేవాడు. ఎంత ఆకలేసినా ఆఖరి బంతిలోనే కూర్చునేవాడు. పప్పులో నీళ్లెన్ని కలిపారో, వడ్డించేవాళ్ల మొహాలు ఎట్టా ఉన్నాయో, ఇంటివాళ్లు అక్కడ నిలబడి ఉన్నారో లేదో ఆఖరి బంతిలోనే తెలుస్తుందనేవాడు. మర్నాటి నుంచి అసలు పని మొదలయ్యేది. బస్టాండులో, టీకొట్టు దగ్గర, కూరగాయల బండి దగ్గర, ఎవరు దొరికితే వాళ్లను పట్టుకునేవాడు.

ఒకసారి మా అమ్మ దొరికింది. ముందు రోజు ఎవరిదో సీమంతానికి వెళ్లొచ్చింది. ఎట్టా జరిగింది వదినా అంటే, బాగుందయ్యా అని లోపలికి రాబోయింది. బాబాయి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"బాగుంది అని అందరూ అంటారొదినా. అది గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటా అనే మాట. ఇంటికొచ్చి అన్నయ్యతో ఏం చెప్పావో అది చెప్పు."

అమ్మ మొదట నసిగింది. తర్వాత చెప్పడం మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా ఆగలేదు. గాజులు తొడిగే అమ్మాయి ఏదో పాట పాడబోయి మధ్యలో మర్చిపోవడం, అక్కడున్న ముసలమ్మలందరూ తలా ఒక ముక్క అందించి పాట పూర్తి చేయడం, ఆ ముక్కలు ఒకే పాటవి కాకపోవడం, కడుపుతో ఉన్న పిల్ల నవ్వలేక నడుం పట్టుకోవడం. ఇవన్నీ అమ్మ మాకెవరికీ చెప్పనే లేదు. బాబాయి అడిగేదాకా ఆమెకే గుర్తుకు రాలేదేమో.

ఆయన ప్రశ్నలు అలా ఉండేవి. ఎక్కడ కూర్చున్నావు, పక్కన ఎవరున్నారు, ఫ్యాను గాలి తగిలిందా, ఇంటివాళ్లలో నిన్ను ఎవరు పలకరించారు. చివరికి రెండు ప్రశ్నలు తప్పకుండా ఉండేవి. లేచి పోదామని ఎప్పుడనిపించింది, ఇంకాసేపు ఉందామని ఎప్పుడనిపించింది. ఆ రెండింటికీ జవాబు చెప్పేదాకా టీకొట్టు బల్ల మీంచి లేవనిచ్చేవాడు కాదు.

అవన్నీ మనసులోనే పెట్టుకుని, నాలుగు రోజులు పోయాక ఫంక్షన్ చేసినవాళ్ల ఇంటికి వెళ్లి కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. ముందు చేదు చెప్తా, తర్వాత తీపి చెప్తా అనేవాడు. చేదు చెప్పేటప్పుడు ఎవరన్నారో చచ్చినా చెప్పేవాడు కాదు. తీపి చెప్పేటప్పుడు మాత్రం పేరుతో, ఊరుతో, వాళ్ల గొంతుతో సహా చెప్పేవాడు. ఆయన వస్తాడంటే జనం జంకేవాళ్లు. రాకపోతే మాత్రం ఊరుకునేవాళ్లు కాదు. మా వీధిలో ఒకావిడ, కొడుకు గృహప్రవేశం అయ్యి వారం దాటినా మీ ఆయన మా ఇంటికి రాలేదేందని పిన్నితో పోట్లాడింది.

ఈ పిచ్చి ఎప్పట్నుంచి అని అడిగితే తన పెద్ద కూతురి పెళ్లి దగ్గర్నుంచి అనేవాడు. ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి ఐసు గడ్డల కోసం ఒకసారి, గ్యాసు బండ కోసం ఒకసారి, అలిగిన చుట్టం కోసం ఒకసారి తిరుగుతూనే ఉన్నాడట. తాళి కట్టే సమయానికి పందిరి వెనక జనరేటర్ వాడితో మాట్లాడుతున్నాడట.

"ఊరంతా చూశారు మా పెద్దదాని పెళ్లి. నేనొక్కణ్ణే చూళ్లా. ఎట్టా జరిగింది అని ఎవురిని అడిగినా బాగుంది అంటారు. ఏం బాగుందో ఒక్కడన్నా చెప్పడే."

అందుకని ఎవరి పండగను వాళ్లకు తెచ్చి ఇచ్చే పని తలకెత్తుకున్నాడు.

అన్నిసార్లూ సవ్యంగా జరిగిందనుకోకండి. ఒక బారసాలయ్యాక నాయనమ్మనీ అమ్మమ్మనీ ఇద్దర్నీ ఒకేచోట కూర్చోబెట్టి అడిగాడు. ఊయల ఎవరు తెచ్చారు, ఎవరి ఊయలలో పిల్లాడు ఏడ్చాడు అనే దగ్గర మాట పెరిగి, రెండు కుటుంబాలూ ఉగాది దాకా మాట్లాడుకోలేదు. తప్పు నాదే, ఇద్దరు సాక్షుల్ని ఒకే గదిలో పెట్టకూడదు అని బాబాయి వీధంతా చెప్పుకున్నాడు. మెకానిక్ మస్తాన్ ఆయనకు ప్రాణస్నేహితుడు. మస్తాన్ కూతురి నిఖా అయ్యాక వెళ్లి, బిర్యానీ సంగతి పక్కన పెట్టు, ముసలోళ్లను కింద కూర్చోబెట్టావు, లేవలేక ఒకళ్ల భుజాలు ఒకళ్లు పట్టుకున్నారు అని చెప్పొచ్చాడు. మస్తాన్ వారం రోజులు ఈయన స్కూటర్ ముట్టుకోలేదు. రెండో కూతురి నిఖాకి మాత్రం షెడ్డులో ఉన్న బల్లలన్నీ కడిగించి ముసలివాళ్ల కోసం వేయించాడు. ఆ రోజు ఆఖరి బంతిలో బాబాయికి తనే వడ్డించాడు.

ఎన్నికల ముందు ఊళ్లో ఒక పెద్ద సభ జరిగింది. ఆటోల్లో జనాన్ని తెచ్చారు. అయిపోయాక బాబాయి రోడ్డు మీద నిలబడి, వెళ్తున్న ఆటోలు ఆపి మరీ అడిగాడు. ఎవరు మాట్లాడారో తెలీదు గానీ మజ్జిగ మాత్రం చల్లగా ఉందన్నారట ఎక్కువమంది. ఆ మాట ఆ పార్టీ ఆఫీసుకు వెళ్లి చెప్పొస్తానని బయల్దేరాడు. పిన్ని చొక్కా దాచేసి ఆపింది.

ఇవన్నీ నవ్వుకునేవి. ఆయన చేసిన పని ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలిసొచ్చింది మా అక్క పెళ్లప్పుడు.

మా నాన్న పత్తి కమీషన్ వ్యాపారి. పెళ్లికొడుకు దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. శ్రావణంలో ముహూర్తాలు తక్కువ, పెళ్లిళ్లు ఎక్కువ. హాళ్లు ఒక్కటీ దొరకలేదు. ఊరి చివర జిన్నింగ్ మిల్లు పక్కన ఖాళీ స్థలంలో షామియానాలు వేయించాడు నాన్న. పగటి ముహూర్తం. తాళి కట్టడం అయింది, తలంబ్రాల పళ్లేలు తెస్తున్నారు. అప్పుడు పట్టుకుంది వాన. ముందు గాలి, వెంటనే కుండపోత. భోజనాల వైపు షామియానా ఒక పక్కకి ఒరిగి, మీద నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారిగా బల్లల మీద పడ్డాయి. నాన్న మిల్లు యజమాని కాళ్లావేళ్లా పడి గోడౌన్ తలుపులు తీయించాడు. పట్టుచీరలు మోకాళ్ల దాకా ఎత్తుకుని ఆడవాళ్లు, పిల్లల్ని చంకనేసుకుని మగవాళ్లు, అన్నం గుండిగలు, కూర గుండిగలు, అన్నీ గోడౌన్‌లోకి ఉరికాయి. లోపల పోయినేడాది పంట తాలూకు పత్తి బేళ్లు ఉన్నాయి. వాటి మీదే విస్తర్లు వేశారు. తడి బట్టలకు దూది అంటుకుని పెళ్లివారందరూ గడ్డాలు మీసాలు నెరిసినవాళ్లలా తయారయ్యారు.

నాన్న కళ్లకు కనపడింది మాత్రం వేరు. బురద కొట్టుకున్న వియ్యపురాలి చీర, పాయసంలో పడుతున్న వాన చుక్కలు, అన్నిటికంటే మించి, పెళ్లికొడుకు పెదనాన్నగారు మెతుకు ముట్టకుండా గేటు దాటి వెళ్లిపోవడం. ఆయనది మాచవరం. పెళ్లికొడుకు వైపు అందరికీ పెద్ద. నాన్న ఆయన వీపు చూశాడు. పిలుద్దామని పరిగెత్తేలోపు ఆటో కదిలిపోయింది.

అక్కను అత్తారింటికి పంపాక నాన్న కొట్టుకు వెళ్లడం మానేశాడు. ఎవరైనా వస్తే జ్వరమని చెప్పమనేవాడు. నా కూతురి పెళ్లి గోడౌన్‌లో చేశాను, వియ్యాలవారి పెద్దను పస్తు పంపాను అని అదే మాట అనుకుంటూ గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎదురింట్లో ఉన్న బాబాయి కూడా మా గుమ్మం తొక్కలేదు. వాడికి కూడా మొహం చెల్లట్లేదు నాకు చెప్పటానికి, అన్నాడు నాన్న.

బాబాయి ఊళ్లో లేడని మాకు తెలీదు. బస్సులో దాచేపల్లి వెళ్లి ఫ్యాక్టరీ గేటు ముందు టీకొట్టులో కూర్చున్నాడట. పెళ్లికి వచ్చిన కార్మికులు డ్యూటీ దిగి వస్తుంటే ఒక్కొక్కరినే పిలిచి టీ ఇప్పించాడట. తర్వాత వియ్యాలవారి వీధిలో ఒక పూట తిరిగాడట. ఒక పొద్దున మా గేటు దగ్గరకొచ్చి లోపలికి రాకుండా నన్ను పిలిచాడు. నేనప్పుడు బీఈడీ చదువుతున్నాను.

"మాచవరం దాకా బోయొద్దాం రామ్మాయ్. నేనొక్కణ్ణే బోతే పెద్దాయన కోర్టు మనిషనుకుంటాడు."

పెద్దాయన ఇంటి పక్కన మళ్లో మిరప నారుకు నీళ్లు చల్లుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. పలకరించలేదు గానీ మంచం వాల్చాడు. మంచినీళ్లు తెప్పించాడు. బాబాయి కళ్లజోడు పెట్టుకుని, వాన పడ్డప్పుడు మీరు యాడ నిలబడ్డారండీ అని అడిగాడు. పెద్దాయన చెంబు కింద పెట్టి మంచం అంచున కూర్చున్నాడు. బాబాయి కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పందిరి కిందే. నీళ్లు మెడలో పడతన్నయ్. అందరూ గుండిగలు పట్టుకోని నన్ను దాటుకోని ఉరికారు. పెద్దోడా, ఇట్టా వచ్చి కూర్చో అన్నోడు ఒక్కడు లేడు. సాంబారుకి పట్టిన గొడుగు నాకు పట్టలా."

వాన అట్లా పడితే ఎవరేం చేస్తారండీ అని నేను అనబోయాను. బాబాయి వేలెత్తి నన్ను ఆపాడు. ఆయన కూడా సర్దిచెప్పలేదు. ఈ మాట మా అన్నయ్యకు చెప్పొచ్చా అని మాత్రం అడిగాడు. చెప్పుకో అన్నాడు పెద్దాయన. అప్పుడు బాబాయి తన ఆఖరి ప్రశ్న అడిగాడు. ఆ రోజు ఒక్క నిమిషమైనా, ఇంకాసేపు ఉందామని అనిపించిందా అని.

పెద్దాయన లేచి చెంబుతో ఇంకో మడికి నీళ్లు చల్లాడు. ఇక చెప్పడనుకున్నాను. నిలబడే, మా వైపు తిరక్కుండా అన్నాడు.

"సన్నాయి వాళ్లు ఆపలా. అంత వానలో, ఒక మూల నిలబడి వాయిస్తానే ఉన్నారు. గేటు కాడికి ఇనపడింది. ఆటో వొచ్చినా ఎక్కబుద్ధి కాలా కాసేపు."

ఆ సాయంత్రం బాబాయి మా ఇంటికి వచ్చాడు. నాన్న పడుకున్న మంచం పక్కనే కుర్చీ వేసుకున్నాడు. ముందు చేదు చెప్పాడు. ఈసారి పేరు దాచడానికి లేదు, పెద్దాయన చెప్పమన్నాడు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నాన్న లేచి కూర్చుని తల రెండు చేతుల్తో పట్టుకున్నాడు. అన్నం గురించి కాదా ఆయన కోపం అని అడిగాడు. కాదు, కూర్చోమన్న మాట గురించి అన్నాడు బాబాయి.

తర్వాత తీపి మొదలుపెట్టాడు. దాచేపల్లి టీకొట్టులో ఈ పెళ్లి కథ రోజూ నడుస్తూనే ఉందట. పెళ్లికి రాని కార్మికులు వచ్చినవాళ్లను అడిగి మళ్లీ మళ్లీ చెప్పించుకుంటున్నారట. సాంబారు గుండిగను నలుగురు మోసుకెళ్తుంటే దాని మీద గొడుగు పట్టుకుని పక్కనే పరిగెత్తింది ఎవరనుకున్నావ్ అన్నయ్యా, నీ అల్లుడే అన్నాడు. మెడలో దండ, నుదుటి మీద బాసికం, పంచె ఎగ్గట్టి మరీ. ఆ పరుగు ఎలా ఉందో ఒకతను టీకొట్టు ముందు చేసి చూపించాడట. బాబాయి కూడా లేచి, మా హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గొడుగు పట్టినట్టు పరిగెత్తి చూపించాడు. వియ్యపురాలు దూది అంటుకున్న చీర దులపకుండా పక్కింటావిడను పిలిచి చూపించిందట. వాళ్లింట్లో ఉన్న ముసలమ్మ, ఎన్నో పెళ్లిళ్లు చూశాను గానీ పెళ్లికూతురు పగలబడి నవ్వడం ఇప్పుడే చూశానందట. మా అక్క బేలు మీద కూర్చుని కాళ్లూపుకుంటూ బూరె తిన్నదని, మొగుడి మీసానికి అంటుకున్న దూది తీస్తూ నవ్వు ఆపుకోలేకపోయిందని చెప్పాడు.

నాన్న ఇవేవీ చూడలేదు. కళ్లప్పగించి వింటున్నాడు. అంతా అయ్యాక మెల్లిగా, ఆ గొడుగు సంగతి ఇంకోసారి చెప్పు తమ్ముడూ అన్నాడు. బాబాయి మళ్లీ చెప్పాడు. మళ్లీ పరిగెత్తాడు కూడా. వారం రోజుల తర్వాత నాన్న నవ్వడం అదే మొదలు. వంటింటి గుమ్మంలో అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ తనూ నవ్వింది.

తెల్లారగానే నాన్న అమ్మ చేత వంట చేయించి, కేరియర్ సర్దించి, నన్ను వెంటబెట్టుకుని మాచవరం వెళ్లాడు. పెద్దాయన అరుగు మీదే ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. నాన్న చెప్పులు విడిచి, గబగబా మెట్లెక్కి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"బావగారూ, ముందు మీరు కూర్చోండి."

ఇంకే మాటా చెప్పలేదు. దారంతా ఏవేవో మాటలు కూర్చుకున్నాడు, అవన్నీ మానేశాడు. పెద్దాయన కూర్చున్నాడు. నాన్న విస్తరి వేసి వడ్డించాడు. రెండు ముద్దలు తిన్నాక పప్పులో ఉప్పు తగ్గిందన్నాడు పెద్దాయన. ఆ మాటతో నాన్న మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత ఏ శుభకార్యమైనా పెద్దాయనకు మొదటి కుర్చీ వేయడం, ఆయన ఏదో ఒక దాంట్లో ఉప్పు తగ్గిందనడం మా ఇంట్లో ఆనవాయితీ అయింది.

ఇన్ని ఇళ్లలో పండగలు పంచి ఇచ్చిన మనిషి పిల్లల పెళ్లిళ్లయ్యాక తన ఇంట్లో ఇంకో పండగ చేయడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ పండగ పిన్నిది.

పిన్నిని ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు. పిల్లల పెళ్లిళ్లు అయ్యి ఇంట్లో ఇద్దరే మిగిలాక ఒకరోజు, ఓపెన్ స్కూల్లో పది కడతానని అన్నదట. బాబాయి ఎగతాళి చేయలేదు. ఫీజు కట్టి, పుస్తకాలకు అట్టలు వేసి ఇచ్చాడు. సాంఘిక శాస్త్రం తనే చెప్పేవాడు. లెక్కలు మాత్రం ఇద్దరికీ రావు. నేనప్పటికి గురజాలలో టీచరు ఉద్యోగంలో చేరాను. ఆదివారం ఇంటికి వస్తే పిన్ని పలకా బలపంతో సహా మా వరండాలో కూర్చుని ఉండేది. మొదటిసారి అన్నీ పాసై లెక్కలు తప్పింది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. రెండోసారి పరీక్షకు వెళ్లే ముందు, రాత్రిళ్లు కలలో కూడా ఎక్స్ కనపడుతుందే అని చెప్పింది. ఈసారి పాసైంది.

బాబాయి వీధిలో షామియానా వేయించాడు. పులిహోర, ముద్దపప్పు, గోంగూర, బూరెలు. మస్తాన్ మైకు తెచ్చి బిగించాడు. పిన్నికి పట్టుచీర కట్టించి, మెడలో దండ వేసి, స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టారు. బాబాయి కళ్లజోడు పెట్టుకుని మైకులో మార్కులు చదివాడు. తెలుగు చదివి ఆగాడు, చప్పట్లు కొట్టారు. హిందీ, ఇంగ్లీషు, సైన్సు, సాంఘికం. ఒక్కొక్కదానికీ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అందరూ బూరెల మీద పడ్డారు.

మర్నాడు పొద్దున్నే బాబాయి నన్ను పిలిచాడు. మొహం చూస్తే కాలు నిలవడం లేదని తెలుస్తోంది. నేనడిగితే ఎవురూ చెప్పరమ్మాయ్, నువ్వు బోయి అడిగి రా అన్నాడు. ఆయన నేర్పిన ప్రశ్నలన్నీ పట్టుకుని వీధంతా తిరిగాను. సాయంత్రానికి వచ్చి ముందు చేదు చెప్పాను. ఉపన్యాసం మరీ పొడుగైందని, ఆ వైపు బంతికి రెండోసారి బూరెలు రాలేదని, మైకు కీచుమందని చెప్పాను. కళ్లజోడు చేతిలో పట్టుకుని తలూపాడు. తర్వాత తీపి. పక్క వీధిలో ఒకావిడ మధ్యలో ఆపిన కుట్టు మిషను కోర్సు మళ్లీ మొదలుపెడతానంది. ఒక కోడలు, అత్త చేత కూడా పది కట్టిద్దామా అని మొగుణ్ణి అడిగిందట. మస్తాన్ అయితే, తాళి కట్టినప్పుడు కూడా వీడి మొహం అట్టా వెలగలేదని చెప్పాడు. బాబాయి కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ, మీ పిన్నినడిగావా అన్నాడు.

అడగలేదు. తనకూ అడిగే ధైర్యం లేదని ఆయన మొహమే చెప్తోంది.

పిన్ని పెరట్లో పులిహోర గిన్నెలు తోముతోంది. ఆయన అడిగినట్టే అడిగాను. ఎక్కడ కూర్చున్నావు, పక్కన ఎవరున్నారు అంటే, స్టేజీ మీద కూర్చున్నా, పక్కన ఎవరూ లేరు, దండ మెడకు గీరుకుంది అని చెప్పింది. ఇంకాసేపు ఉందామని ఎప్పుడనిపించింది అంటే, మార్కులు చదివేటప్పుడు అంది. లేచి పోదామని ఎప్పుడనిపించిందని అడిగాను. గిన్నె పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

"అప్పుడే. మీ బాబాయి లెక్కలు చదవలా. అన్నీ చదివి దాన్ని మింగేశాడు. తక్కువొచ్చినయ్యి గదా, పరువు బోద్దనుకున్నాడేమో. తెలుగు నాకెట్టైనా వొచ్చేది. ఆ ముప్పై తొమ్మిదే నేను సంపాయించుకుంది."

వచ్చి బాబాయికి చెప్పాను.  లేచి లోపలికి వెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాడు. ఇంకా వెలుగుంది. ముందు మా గేటు దగ్గర నిలబడి నాన్నను బయటకు పిలిచి, నిన్న మైకులో ఒక ముక్క మిగిలిపోయిందన్నయ్యా, మీ మరదలికి లెక్కల్లో ముప్పై తొమ్మిది అన్నాడు. నాన్న అర్థంకాక చూస్తుండగానే పక్కింటికి వెళ్లాడు. అక్కడా అదే చెప్పాడు. ఆ తర్వాతి ఇంట్లో, మొదటిసారి తప్పి రెండోసారి తెచ్చుకుందని కూడా కలిపి చెప్పాడు. మస్తాన్ షెడ్డు దగ్గర ఇంజను చప్పుడులో వినపడక ఇంకోసారి చెప్పమంటే, ఇంజను ఆపించి చెప్పాడు. వీధి సగానికి వచ్చేసరికి మాట ఆయనకంటే ముందు నడిచింది. ముప్పై తొమ్మిదంట గదా అని గుమ్మాల్లో నిలబడి వాళ్లే అంటున్నారు. నన్ను చెప్పనియ్యండయ్యా అని విసుక్కుని, పూర్తిగా చెప్పిగానీ ముందుకు కదల్లేదు.

పిన్ని ఎప్పుడొచ్చిందో, గేటు మీద రెండు చేతులూ ఆనించి నా పక్కన నిలబడి చూస్తోంది. మొహంలో ఏమీ తెలియనివ్వడం లేదు. బాబాయి వీధి చివరి ఇంటి దాకా వెళ్లాక, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది.

"పక్క వీధోళ్లు కూడా వొచ్చారు గదే భోజనానికి. వాళ్లకెవురు చెప్తారు?"

చెప్పి రమ్మందామని నేను పరిగెత్తాను. నేను వీధి చివరికి చేరేసరికి బాబాయి అప్పటికే పక్క వీధిలోకి తిరిగిపోయాడు. మొదటి గేటు దగ్గర ఎవరినో బయటకు పిలుస్తున్నాడు.